ఊట మీద మూత

“సాయంత్రం మీటింగు మొదలయ్యేలోపు వాడి చేతులకి బేడీలు పడతాయి. మీరు తిరుగు బస్సు చూసుకోవచ్చు, షావుకారు గారూ,” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

నేను పప్పుల వ్యాపారం వదిలేసి డిటెక్టివ్ బోర్డు కట్టుకుని చాలా కాలమైంది. ఆ సంగతి అతనికీ తెలుసు. నన్ను చిన్నబుచ్చాలనిపించినప్పుడల్లా షావుకారనే పిలుస్తాడు. నాకు కోపం రాదు. ఈ వృత్తిలో నాకు అన్నం పెడుతున్నది గోదాము అరుగు మీద నేర్చుకున్న విద్యే. బస్తా మూతి దగ్గర గింజలు ఎప్పుడూ మెరుస్తూనే ఉంటాయి. చెయ్యి మోచేతిదాకా పోనిచ్చి అడుగు గింజ తీసి చూస్తేగానీ సరుకు తెలియదు.

ఇన్‌స్పెక్టరు చూపిస్తున్న గింజలు నిజంగానే మెరుస్తున్నాయి. ఊరి ఊటని చూసుకునే నీళ్ళాయన ఆ ఊట తొట్టిలోనే మునిగి చనిపోయాడు. ముందురోజు సాయంత్రం ఊరిని లీజుకి అడగడానికొచ్చిన కంపెనీ మనిషితో అందరి ముందూ గొడవపడ్డాడు. మర్నాడు తెల్లవారుతూనే ఊట వైపు దారిలో కంపెనీ మనిషి నడుస్తుంటే పశువుల కాపరి చూశాడు. పొద్దెక్కాక శవం తేలింది. పగ ఉంది, మనిషి ఉన్నాడు, చోటు ఉంది. పైగా ఈ బేరంలో అందరికీ లాభమే. ఊరికి పీడ విరగడవుతుంది. ఇన్‌స్పెక్టరుకి పేరొస్తుంది. నష్టపోయేవాడు ఒక్కడే, వాడిమీద ఊళ్ళో ఎవరికీ జాలి లేదు.

అందరికీ లాభం వచ్చే బేరమంటే నాకు మొదటినుంచీ భయం.

నన్ను పిలిపించింది నీళ్ళాయన కూతురు. అతిథుల కోసం ఊరంతా కలిసి నడిపే ఉమ్మడి వంటశాల ఆమె చేతిలో ఉంది. వ్యాపారంలో ఉన్న రోజుల్లో ఆ వంటశాలకి దినుసులు పంపింది నేనే. అప్పుడు ఆమె రెండు జడలు వేసుకుని, బస్తాలు దించుతుంటే అడ్డంపడి మా హమాలీల చేత తిట్లు తినేది. ఇప్పుడు ముప్పై దాటిన మనిషి. చల్లారిన పొయ్యి ముందు పీట మీద కూర్చుని ఉంది. చావు జరిగిన మూడు రోజుల నుంచి ఊళ్ళో అతిథులు లేరు. గిన్నెలన్నీ బోర్లించి ఉన్నాయి.

“జారిపడ్డాడంటే నేను నమ్మను బాబాయ్. నలభై ఏళ్ళు ఆ తొట్టిలో దిగి ఎక్కినవాడు. ఎవరో తోశారు. ఆ కంపెనీవాడే తోసుంటాడు. మీరు రుజువు చూపించండి చాలు.”

“ముందురోజు రాత్రి ఏం మాట్లాడాడు?”

“ఏముంది, నేనే పోట్లాడాను.” కొంగుతో ముక్కు తుడుచుకుంది. “కొలబద్ద మేకు గీత కిందికి దించి వచ్చానన్నాడు. అంటే పొద్దున్నే గేటు వేస్తాడన్నమాట. ఆ ఎల్లుండే మా ఇంటికి అతిథుల వంతు. పోయినసారీ మా వంతు ముందురోజే గేటు పడింది, అంతకుముందూ అంతే. ఊరందరికీ న్యాయం చేస్తావు, కన్నకూతురి దగ్గరికొచ్చేసరికి నీ ఊట ఎండిపోతుంది అన్నాను. తల వంచుకుని తింటూ, ‘నీ వంతు పోనివ్వన్లేవే’ అన్నాడు. అంతే. తెల్లారి లేచేసరికి పక్క ఖాళీ.”

ఇక్కడ ఆ ఊరి పద్ధతి చెప్పాలి. ఊళ్ళో హోటలు లేదు. ప్రతి ఇంటివాళ్ళూ ఒక గది శుభ్రంగా పెట్టుకుని, కొండ చూడటానికి వచ్చేవాళ్ళని వంతులవారీగా ఉంచుకుంటారు. ఎవరింటికి ఎవరు వెళ్ళాలో సంఘం చెబుతుంది. ఎంతమంది రావచ్చో మాత్రం ఊట చెబుతుంది. తొట్టిలో ఒక కొలకర్ర, పక్కన కంచెకి కొట్టిన కొలబద్ద, దానికి మేకు దిగే కన్నాలు, ఒక ఎర్రగీత. రోజూ సాయంత్రం నీళ్ళాయన కర్రతో కొలిచి, బద్ద మీద మేకు మారుస్తాడు. మేకు గీత కిందికి దిగిందా, మర్నాడు మొదటి బస్సు రాకముందే ఊరి గేటు పడుతుంది. ఊట మళ్ళీ గీత ఎక్కేదాకా కొత్త అతిథి అడుగుపెట్టకూడదు. ఆ మాట మీద అధ్యక్షురాలికి కూడా అధికారం లేదు. చేతులన్నీ లేస్తేగానీ ఏ నిర్ణయమూ జరగని సంఘం అది. ఆ ఒక్క పనికి మాత్రం అందరూ కలిసి ఒకే మనిషికి తమ చేతులు అప్పగించారు.

“ఉదయం నువ్వేం చేశావు?”

“మామూలే. పొయ్యి అంటించి, పశువుల పాకకి వెళ్ళి పాలు తెచ్చాను. నాన్న గేటు దగ్గరున్నాడనుకున్నా. తర్వాత పెద్దక్క కేక వినిపించింది. పరిగెత్తి వెళ్ళేసరికి మూత తీసి ఉంది, నాన్న...” ఆగింది. “మూత తెరిచి వదిలెయ్యడం ఆయనకి ఈ మధ్య మామూలైపోయింది బాబాయ్. ఎన్నిసార్లు వేశానో. చెప్తే వినపడదు, వినపడ్డా గుర్తుండదు. అలా తెరిచి అంచున నిలబడితే తొయ్యడం ఎంతసేపు?”

పెద్దక్క అంటే సంఘం అధ్యక్షురాలు. నీళ్ళాయన ఆమెని చెల్లెమ్మా అనేవాడు. రక్తసంబంధం లేదు, అంతకన్నా ఎక్కువే.

లేవబోతుంటే ఆమె నా చొక్కా చెయ్యి పట్టుకుంది. “తోశారని తేలితే చాలు బాబాయ్. తన కాలే జారిందంటే మాత్రం, రాత్రి నేనన్న మాటకి మనసు చెదిరే జారాడని జీవితాంతం అనిపిస్తుంది.”

ఆమె కొనదలచుకున్న సరుకు ఏమిటో అప్పుడు తెలిసింది. హంతకుడు కావాలి. నా కొట్లో ఆ సరుకు ఉందో లేదో ఇంకా తెలియదు.

*

ఊట దగ్గరికి ఇన్‌స్పెక్టరు కూడా వచ్చాడు, నేనేదో మాయ చేస్తానన్నట్టు. తొట్టి అంటే నేలలోకి దించిన రాతి గది. పైన మనిషి పట్టేంత ఇనప మూత. లోపలికి ఇనప మెట్లు. ఒక పక్క గోడకి, నీళ్ళు తగ్గినప్పుడే బయటపడే చోట, మోకాళ్ళ మీద పాకే సందు, ఆ సందు అవతల నీళ్ళు ఉబికే ఊట కన్ను. పోలీసు తాళం తీయించి మూత ఎత్తించాను. నీళ్ళు అంచుకి జానెడు కిందున్నాయి.

“మేకు చూశారా?” అన్నాను. కొలబద్ద మీద మేకు ఎర్రగీతకి రెండు కన్నాల కింద ఉంది.

“పిల్లలెవరో లాగుంటారు.”

“ఈ ఊరి పిల్లలు దేవుణ్ణైనా ముట్టుకుంటారుగానీ దాన్ని ముట్టుకోరు. ముందురోజు సాయంత్రం నీళ్ళు గీత కింద. తెల్లారి అంచుదాకా. ఊట ఒక్క రాత్రిలో ఇంత ఊరుతుందా?”

“కొండ ఊట. దానిష్టం.”

నేను బోర్లా పడుకుని టార్చి వేశాను. గోడల మీద నాచు సగం పచ్చగా, సగం గోధుమరంగుగా ఉంది. గోధుమరంగు నాచు ఎండి, పెచ్చులు లేచి ఉంది. అయితే ఆ ఎండిన నాచు మొత్తం నీళ్ళలో ఉంది. చాలా రోజులుగా గాలి తగిలిన గోడ అది, ఉన్నట్టుండి మునిగింది. దోమపిల్లల్ని తినడానికి తొట్టిలో వదిలిన చిన్న చేపలు పైన పొర్లుకాలువ జల్లెడకి అతుక్కుని ఉన్నాయి, అన్నీ చచ్చి. వెల్లుల్లి రెబ్బలంత చేపలు. ఊట నీళ్ళకి చచ్చేవైతే ఎప్పుడో చచ్చేవి.

“ఇవి క్లోరిన్ మందు కలిపిన నీళ్ళు, ఇన్‌స్పెక్టరు గారూ. ఎవరో బయటనుంచి తెచ్చి పోశారు.”

“అయితే? కొత్త నీళ్ళలో తోస్తే మునగడా? మీరు నీళ్ళు తూచండి, నేను మనిషిని పట్టుకుంటాను.”

నేను మూతని పూర్తిగా తిరగేశాను. అడుగువైపు తుప్పు మీద తెల్లగా గీతలు. ఒకటి రెండు కాదు, మెట్ల పక్కన అరచెయ్యంత మేర పదే పదే కొట్టిన గుర్తులు. శవంతోపాటు దొరికిన వస్తువుల్లో పూడిక గీకే తాపీ ఒకటి ఉందని పంచనామాలో రాశారు. దాని మొన వంగిందని కూడా రాశారు. ఎందుకు వంగిందని ఎవరూ అడగలేదు.

ఇన్‌స్పెక్టరు ముఖం రంగు మారింది. మనిషి చెడ్డవాడు కాదు, తొందర మనిషి. కాసేపు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

“లోపల ఉండగానే మూత వేశారా?”

“వేశారు. ఇది నొక్కితే పడిపోయే తాళం. బయటనుంచి తాళంచెవి పెడితేగానీ రాదు. ఒక చెవి ఆయన మొలతాడుకే ఉంది. ఆయన లోపల.”

“ఇంకా మంచిది!” వెంటనే తేరుకున్నాడు. “తొయ్యడం అంటే ప్లీడరు జారాడంటాడు. లోపల పెట్టి తాళం వేస్తే ఏ ప్లీడరూ ఏమీ అనలేడు. థాంక్స్ షావుకారు గారూ, మీరే నా కేసు గట్టి చేశారు.”

నేను తెచ్చిన సరుకు నా ఎదుటే అతని త్రాసులో పడింది. అతను గబగబా దిగిపోయాడు. నేను అక్కడే కూర్చుండిపోయాను. పైన జానెడు గాలి. ఆ జానెడులో ముఖం పెట్టుకుని, ఒక చెయ్యి మెట్టు మీద, ఒక చేత తాపీ. చల్లటి నీళ్ళలో డెబ్భై ఏళ్ళ వేళ్ళు ఎంతసేపు పట్టు నిలుపుతాయి? వ్యాపారంలో తరుగు లెక్కగట్టడం నాకు బాగా వచ్చు. ఆ తరుగు మాత్రం లెక్కకట్టలేకపోయాను.

*

ఊళ్ళో తనకిచ్చిన గదిలో, కంపెనీ మనిషి మంచం మీద బూట్లతోనే కూర్చున్నాడు. కుర్రతనం పోలేదుగానీ జుట్టు అప్పుడే పలచబడింది. ఈ ఊరిని మొత్తంగా ముప్పై ఏళ్ళకి తీసుకుని, కింది ఏటినుంచి పైపులు వేసి, కొండ నిండా గదులు కడతామని కాగితాలు పట్టుకు తిరుగుతున్నది ఇతనే. ఒప్పుకోవాలా వద్దా అన్నది ఆ సాయంత్రం మీటింగు.

“ఊరికి నేను మంచి చెయ్యడానికొచ్చాను సార్. ఏడాదికి సగం రోజులు గేటు మూసుకుని కూర్చుంటే ఎలా బతుకుతారు? ముసలాయన కర్ర ముంచి చెప్పిందే వేదమా?”

“ఆయన నీకేం చెప్పాడు, గొడవలో?”

“ఏటి నీళ్ళు తెస్తే రేపు ఏరూ చాలదు, అప్పుడు ఎక్కణ్ణించి తెస్తావు అన్నాడు. సముద్రం నుంచి అన్నాను. సముద్రం దగ్గరే గదులు కట్టుకో ఫో అన్నాడు. అందరూ నవ్వారు.” అతను కూడా నవ్వబోయి మానుకున్నాడు. “దానికి చంపుతానా?”

“తెల్లారగట్ల ఊట వైపు ఎందుకు వెళ్ళావు?”

“వాకింగు.”

“చూడు నాయనా. ఇన్‌స్పెక్టరు దగ్గర ఇప్పుడు తోసిన కేసు లేదు, లోపల పెట్టి తాళం వేసిన కేసు ఉంది. నీ దగ్గర ఏదో దాచిన సరుకుంది. ధర పెరుగుతుందని దాచావు. ఈ సాయంత్రం తర్వాత అది కుళ్ళిపోతుంది. తియ్యి.”

అతను జేబులోంచి ఫోను తీశాడు.

“మీటింగులో చూపిద్దామని ఉంచాను. వీళ్ళ నియమం వీళ్ళే ఎంత బాగా పాటిస్తారో అందరికీ తెలియాలని. ఇప్పుడు చూపిస్తే నేను అక్కడే ఉన్నానని ఒప్పుకున్నట్టేగా? అందుకే నోరు మూసుకున్నా.”

పై మలుపునుంచి తీసిన ఫొటో. రోడ్డు మీద నీళ్ళ ట్యాంకరు. దాని గొట్టాన్ని రోడ్డు పక్క పైపుకి తగిలిస్తున్న డ్రైవరు. ఆ పైపు రాళ్ళ మధ్యగా కిందికి, ఊట తొట్టిలోకి పోతుంది, ఎప్పుడో తొట్టి కట్టిన రోజుల్లో వేసింది. డ్రైవరు పక్కన బూడిదరంగు శాలువా కప్పుకుని ఒక ఆడమనిషి. అధ్యక్షురాలు.

“ఇంకా గొట్టం బిగించలేదు. నీళ్ళు వదిలింది ఆ తర్వాత. నేను ఇది తీసుకుని వెళ్ళిపోయాను సార్. తొట్టి వైపు దిగనే లేదు.”

ఫొటోని వేళ్ళతో పెద్దది చేశాను. శాలువా మీంచి కిందికి, చెట్ల సందులోకి జరిపాను. మూలన, వేలిగోరంత మేర, ఊట కంచె కనిపించింది. కంచె లోపల ఒక మనిషి వంగి ఉంది. ఒక చేత పాలక్యాను. రెండో చెయ్యి ఇనప మూత మీద.

‘ఎన్నిసార్లు వేశానో’ అన్న మాట చెవిలో పడింది.

“ఏంటి సార్?” అన్నాడు అతను. అతను ఆ మూలని ఎప్పుడూ చూడలేదు. అతనికి కావలసింది ట్యాంకరే.

“ఏం లేదు. ఈ ఫోను కాసేపు నా దగ్గరుండనీ.”

*

అధ్యక్షురాలు సంఘం హాల్లో ఒంటరిగా చాపలు పరుస్తోంది. అరవై దాటిన మనిషి, నడుం ఇంకా వంగలేదు. ఫొటో చూపించాను, మూల మాత్రం చూపించలేదు. ఆమె చాప అంచు సరిచేసి, దాని మీదే కూలబడింది.

“ఆ సాయంత్రం మేకు చూశాను. గేటు పడితే ఈ ఏడాదికి మూడోసారి. పోయినసారి గేటు పడ్డప్పుడే రెండిళ్ళు తాళాలు వేసుకుని వెళ్ళిపోయాయి. మూడోసారి కూడా పడితే ఈ మీటింగులో చేతులన్నీ ఆ కంపెనీ కుర్రాడి వైపు లేచేవి. ఒక్క నెల, వానలు పడేదాకా ఒక్క నెల లాక్కొస్తే చాలనుకున్నాను. నలుగురం మాట్లాడుకున్నాం. అన్నయ్యకి చెప్పలేదు. చెప్తే ఒప్పుకోడు.”

“మీ ఊరిని మీరే ఏలుకోవడం కోసం, మీరు పెట్టుకున్న నియమాన్ని మీరే మోసం చేశారు.”

“మాటలు మీకు బాగా వచ్చు. తప్పే.” కళ్ళు ఎత్తలేదు. “గేటు వేసే రోజు అన్నయ్య కన్ను శుభ్రం చేస్తాడని నాకు తెలుసు. కానీ ఎండెక్కాకే దిగుతాడు, ఎప్పుడూ. పైనుంచి ఎండ పడితేగానీ లోపల ఏమీ కనపడదు. ఈసారి చీకట్లోనే ఎందుకు దిగాడు? అదే అర్థం కాదు నాకు.”

నాకు అర్థమైంది. ‘నీ వంతు పోనివ్వన్లేవే.’ కన్ను తొందరగా గీకితే, బస్సు వచ్చేలోపు నీళ్ళు రెండు కన్నాలు ఎక్కుతాయేమోనని దిగాడు. మేకు అబద్ధంగా జరపడం ఆయనకి చేతకాదు. అందుకని ఊటనే జరపబోయాడు. అక్కడ రోడ్డు మీద ఈమె, ఇక్కడ సందులో ఆయన, ఇద్దరూ ఒకే గేటుని తెరిచి ఉంచడానికి పాటుపడ్డారు.

“రెండో తాళంచెవి మీ దగ్గరే కదా. మీరు వెళ్ళేసరికి మూత పడి ఉంది. మీరే తీశారు. తీసే ఉందని అందరికీ చెప్పారు.”

తలూపింది.

“ఎందుకు?”

“తెరిచి కనిపిస్తే ఎవరైనా సరే మూసెయ్యాలి. అతిథుల పిల్లలు ఆడుకుంటుంటారని అన్నయ్యే పెట్టిన నియమం అది. ఆ వేళప్పుడు ఆ దారిన వచ్చేది ఒక్కరే బాబూ. పాక నుంచి పాలు తెచ్చే మనిషి.” ఇప్పుడు నావైపు చూసింది. “ఒక్కసారి పిలిచే ఉంటుంది. ఆయనకి చెవుడు. ఆ సందులో దూరి గీకుతుంటే పిడుగు పడ్డా వినపడదు. అక్కణ్ణించి ఆయన బయటికొచ్చి చూసుకునేసరికి మూత పడింది. కొట్టుకుంటుంటే పైన నా ట్యాంకరు ఇంజను మోత. నేను ఆ గొట్టం పక్కనే నిలబడి ఉన్నాను. చలేస్తోందని శాలువా కప్పుకుని నిలబడ్డాను.”

చేతి కింద నలిగిన చాప అంచుని మళ్ళీ సరిచేసింది.

“నీళ్ళు నావి. ఆ లెక్క నేను ఒప్పుకుంటాను. మూత సంగతి ఆ పిల్లకి తెలియనివ్వకండి. అది బతకదు.”

జీవితంలో నేను తక్కువ తూచలేదని చెప్పను. కానీ అంతవరకూ ఎవరూ నన్ను తక్కువ తూచమని చేతులు పట్టుకుని బతిమాలలేదు.

“ట్యాంకరు సంగతి మీరే చెప్పండి. కుర్రాడు బయటపడతాడు. మిగతాది నేను అడగను,” అన్నాను.

*

సాయంత్రానికి హాలు నిండింది. ఇన్‌స్పెక్టరు కంపెనీ మనిషిని పక్కన నిలబెట్టుకుని గొంతు సవరించుకున్నాడు. చాపల చివర, గుమ్మానికి దగ్గరగా నీళ్ళాయన కూతురు కూర్చుని ఉంది. నన్ను చూసి కళ్ళతోనే అడిగింది. నేను చూపు తిప్పుకున్నాను.

“మీ నీళ్ళాయనది హత్య,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “లోపల పెట్టి తాళం వేశారు.”

హాలంతా కలకలం రేగింది. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ ముఖంలో ఏడుపుతోపాటు ఒక రకమైన తెరిపి కనిపించింది. తండ్రి మనసు చెదిరి జారలేదు. ఎవరో చేశారు.

“ఆగండి,” అంటూ అధ్యక్షురాలు లేచింది. ట్యాంకరు సంగతి మొత్తం చెప్పింది, మిగతా ముగ్గురి పేర్లు ఎత్తకుండా, అంతా తనమీదే వేసుకుని. నేను ఫోను ఎత్తి ఇన్‌స్పెక్టరుకి చూపించాను. నా బొటనవేలు కింది మూల మీద ఉంది. అతను ఫొటో చూశాడు, నా వేలు చూడలేదు.

“నీళ్ళు మీరు పోశారు. సరే. మూత?” అన్నాడు. “మూత వేసింది ఎవరు? నాకు కావలసింది అది!”

“మూత కూడా నేనే వేశాను,” అంది అధ్యక్షురాలు. “చూసుకోకుండా వేశాను. ట్యాంకరు రాకముందు. ఇతన్ని వదిలెయ్యండి.”

కంపెనీ మనిషి నేల చూస్తున్నాడు. నేను ఫోను జేబులో పెట్టుకున్నాను. లెక్క మూసేశాననుకున్నాను.

“ఎప్పుడు వేశారు పెద్దక్కా?”

గుమ్మం దగ్గర ఆమె లేచి నిలబడింది. గొంతులో తప్పు పట్టడం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడుగుతోంది.

“చెప్పాగా తల్లీ, తెల్లారగట్ల. కూర్చో.”

“ట్యాంకరు రాకముందు అంటున్నారు. నేను పాలు తెస్తుంటే పైన బండి చప్పుడు అప్పుడే వచ్చి ఆగింది. కూరగాయల బండి అనుకున్నాను. అప్పటికి మూత తెరిచే ఉంది.” వేళ్ళతో ఏదో సరిచూసుకుంటున్నట్టు ఆగింది. “మీరు వేసుంటే తెరిచి ఎందుకుంటుంది? తెరిచి ఉందనేగా నేను...”

“అమ్మాయ్, ఇంటికి పద,” అన్నాను.

ఆమె నా ముఖం చూసింది. తర్వాత అధ్యక్షురాలి ముఖం. మా ఇద్దరి ముఖాల్లోనూ ఒకే సంగతి చదువుకుంది. కుడిచేతిని కొంచెం పైకెత్తి, అరచెయ్యి కిందికి తిప్పి, గాల్లో ఒకసారి నొక్కింది.

“పిలిచాను,” అంది. “నాన్నా అని పిలిచాను. ఒక్కసారే పిలిచాను బాబాయ్. పాలు ఒలికిపోతాయని.”

అధ్యక్షురాలు పరుగున వెళ్ళి పట్టుకోబోయింది. ఆమె ఆ చేతుల్ని తోసెయ్యలేదు, వాటిలో ఒదగనూ లేదు. ఇన్‌స్పెక్టరు టోపీ తీశాడు. ఏదో రాయబోతున్న కానిస్టేబులు కలం ఆపాడు. కంపెనీ కాగితాలు ముందు చాప మీద అలాగే ఉన్నాయి, ఎవరూ వాటి వైపు చూడటం లేదు.

ఆమె హాలంతా కలయజూసింది, అందరూ వచ్చారో లేదో చూసే మనిషిలా.

“మేకు గీత కింద ఉంది,” అంది. “ఈ మూడు రోజులూ గేటు వెయ్యాలని ఎవరికీ గుర్తు రాలేదా? నాన్న దించి వెళ్ళాడు కదా.”

ఆమె గుమ్మం దాటి గేటు వైపు నడిచింది. గుమ్మం పక్కన ఆమె చెప్పులు అలాగే ఉండిపోయాయి.